వనభోజనాలు ఈసారి చుట్టుపక్కల రైతుల పంటతోనే చేద్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?

మధురవాడ_సెక్రటరీ

అందరికీ నమస్తే. మాది వైజాగ్‌లో మధురవాడ సైడు, అరవై ఇళ్ళ కాలనీ. ప్రతి ఏడూ కార్తీకమాసంలో ఒక ఆదివారం వనభోజనాలకి వెళ్తాం, అంటే పేరుకి వనం, నిజానికి ఏదో ఒక రిసార్ట్ మాట్లాడుకుంటాం, ఉసిరి చెట్టు ఉందా అని అడుగుతాం, వాళ్ళు కుండీలో మొక్క చూపిస్తారు, కేటరింగ్ వాళ్ళు పన్నీర్ బటర్ మసాలా, వెజ్ మంచూరియా, రుమాలీ రోటీ పెడతారు, తినేసి హౌసీ ఆడుకుని వచ్చేస్తాం. ఈసారి మీటింగ్‌లో ఒకావిడ లేచి, మన చుట్టూ ఇంత పండుతోంది కదా, పద్మనాభం, కొత్తవలస, అనకాపల్లి, పైన పాడేరు, అరకు, ఆ పంటతోనే వండుకుని ఆ రైతుల్ని కూడా పిలిచి కలిసి తింటే ఏం అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు, చేసే పని మాత్రం నా నెత్తిన పడింది.

సుమారు 120 మంది వస్తారు, పిల్లలతో కలిపి. సాయంత్రం ఆరు నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా డిన్నర్‌లా పెట్టాలని ఆలోచన, లైట్లు పెడితే బావుంటుందని యూత్ గోల. నా ప్రశ్నలేంటంటే, రైతుల్ని ఎలా పట్టుకోవాలి, రైతు బజార్‌లో కొంటే సరిపోతుందా లేక ఊళ్ళకి వెళ్ళాలా, మెనూ ముందు ఫిక్స్ చేసుకుని సరుకు వెతకాలా, చిరుధాన్యాలు అంతమందికి వండటం అయ్యే పనేనా, మనిషికి ఎంత వసూలు చేయాలి, వచ్చిన రైతులకి శాలువాలు, మెమెంటోలు లాంటివి ఏమైనా ఇవ్వాలా. ఇలాంటివి చేసినవాళ్ళు ఉంటే చెప్పండి ప్లీజ్. గూగుల్ చేస్తే అన్నీ ఫారిన్‌వి వస్తున్నాయి, పొడుగు టేబుల్, తెల్ల గుడ్డ, వైన్ గ్లాసులు.

కొండగాలి

మంచి ఆలోచనే గానీ మొదటే ఒక చిక్కు ఉంది, మీరు పెట్టుకున్న టైము. కార్తీకంలో మన వైపు వరి ఇంకా చేలోనే ఉంటుంది, కోతలు ఆ నెల చివర్లో, మార్గశిరంలో ఊపందుకుంటాయి. కందులు రావు, ఉలవలు రావు, అనకాపల్లి చుట్టుపక్కల చెరకు గానుగలు అప్పటికింకా సరిగ్గా మొదలవ్వవు, కొండమీద రాజ్మా కూడా కోతకి రాదు. కార్తీకంలో మీకు దొరికేవి కొత్త సామలు, కొత్త చోళ్ళు (రాగులు), సీతాఫలాలు, గుమ్మడికాయలు, ఆకుకూరలు, ఉసిరికాయలు. అవి తక్కువేం కాదు, కానీ పంటల పండగ అని పేరు పెట్టి కిందటేడు బియ్యం, కిందటేడు పప్పు వండితే దాన్లో కొత్త ఏముంది?

ఇంకోటి వాన. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబర్‌లో, తిత్లీ 2018 అక్టోబర్‌లో. మన తీరానికి అక్టోబర్, నవంబర్ రెండు నెలలూ ఎప్పుడేం వస్తుందో తెలీదు. తుపాను ఇక్కడిదాకా రాకపోయినా వాయుగుండం చాలు మీ లైట్లు, షామియానాలు తడిసిపోడానికి, అంతకంటే ముఖ్యంగా రైతు ఆ రోజు చేలో నీళ్ళు బయటికి తోడుకుంటాడా మీ భోజనాలకి వస్తాడా.

నన్నడిగితే సంక్రాంతి హడావిడి అయ్యాక జనవరి ఆఖరు లేదా ఫిబ్రవరి మొదట్లో పెట్టుకోండి. ధాన్యం ఇంటికొచ్చి ఉంటుంది, రైతు చేతిలో కాస్త ఖాళీ ఉంటుంది, బెల్లం కొత్తది, కందిపప్పు కొత్తది, చిక్కుళ్ళు, వంకాయలు, కంద, పెండలం, చిలగడదుంపలు అన్నీ ఉంటాయి, పనసపొట్టు కూడా మొదలవుతుంది. కార్తీకం వనభోజనాలు మీరు మామూలుగానే చేసుకోండి, ఎవరొద్దన్నారు. ఇది వేరే పెట్టండి.

సీతంపేట ఏజెన్సీ వైపు సవర, జాతాపు గిరిజనులు కందికొత్తల పండగ చేసేది కూడా కంది చేతికొచ్చాకే, సంక్రాంతి అటూ ఇటూగా. పండగ అయ్యేదాకా కొత్త కంది నోట్లో పెట్టుకోరు. పాడేరు వైపు కూడా కొర్రకొత్త, చిక్కుడుకొత్త, మామిడికొత్త అని పంట పంటకీ ఉన్నాయి, ముందు దేవతకి పెట్టి, ఊరంతా కలిసి వండుకుని తిని, థింసా ఆడి, అప్పుడు ఎవరింట్లో వాళ్ళు వాడుకోవడం మొదలెడతారు. మీరు వెతుకుతున్నది గూగుల్‌లో లేదు, మీకు వంద కిలోమీటర్ల దూరంలో ఉంది. వాళ్ళు తేదీ పంటని బట్టి పెట్టుకుంటారు. మనం ఫంక్షన్ హాల్ ఖాళీని బట్టి పెట్టుకుంటాం.

జహీరాబాద్_పోరడు

మాది సంగారెడ్డి జిల్లా అన్నా, మా దిక్కు ముచ్చట ఒకటి చెప్తా. పస్తాపూర్‌ల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అని ఉంది, డీడీఎస్ అంటరు, 2019ల వాళ్ళకు యూఎన్ వాళ్ళ ఈక్వేటర్ ప్రైజ్ గూడ వచ్చింది. వాళ్ళ సంఘం ఆడోళ్ళు ఏటా సంక్రాంతి సుట్టు పాత పంటల జాతర చేస్తరు, ఇరవై ఏండ్లకు పైనుంచి నడుస్తుంది. ఎడ్లబండ్లు మంచిగ ముస్తాబు చేసి అండ్ల పాత విత్తనాలు బుట్టలల్ల పెట్టుకొని ఊరూరు తిరుగుతరు, దగ్గర దగ్గర నెల రోజులు. ఊర్లకు బండ్లు వస్తే డప్పు, పాటలు, మంగళహారతి, తర్వాత అందరు కూసొని మాట్లాడుకుంటరు, ఏ విత్తనం ఎవరి దగ్గర ఉంది, ఏది పోయింది అని. ఆ తర్వాత తిండి. జొన్నరొట్టె, సజ్జరొట్టె, కొర్ర బువ్వ, తైద అంబలి, పుంటికూర పప్పు, అవిసెల పొడి.

నేను గమనించింది ఏందంటే ఆడ ముఖ్య అతిథి అని వచ్చినోళ్ళు గూడ కింద కూసొని ఇంటరు, మాట్లాడేది మాత్రం రైతు ఆడోళ్ళే. మీరు గిట్ల ఒక్కటి చేయున్రి, భోజనానికి ముందు ఒక దిక్కు గింజలు పెట్టున్రి. కంకి కంకిగ, గింజ గింజగ. పట్నం పిల్లలకు సామ ఏది కొర్ర ఏది తెల్వది, మా అన్న బిడ్డకు చూపెడితే పిట్టల దాణా అన్నది. పండించినామెను ఆ బుట్టల పక్కన కూసోబెట్టున్రి, పిల్లలు వాళ్ళంతల వాళ్ళే అడుగుతరు, మైకు పని లేదు.

ఇంకో ముచ్చట, సాగు చెయ్యని కూరలు. దొగ్గలికూర, తుమ్మికూర, గునుగుకూర, ఇవన్ని ఎవ్వరు విత్తరు, మందు కొట్టని చేనుల వాటంతట అవ్వే మొలుస్తయి. గడ్డి మందు కొట్టిన చేనుల ఉండయి. మీ దిక్కు గూడ ఉంటయి, మీ రైతులను అడుగున్రి, మస్తు ఖుషీ అయితరు ఎందుకంటే అవి ఎవ్వరు కొననే కొనరు.

పద్మనాభం_రైతు

నాకు రెండెకరాల పల్లం, ఎకరం మెట్ట. ప్రకృతి వ్యవసాయంలోకి వచ్చి కొన్నేళ్ళయింది, రైతు సాధికార సంస్థ వాళ్ళ ట్రైనింగు చూసి మొదలెట్టాం. ఇలాటి భోజనాలకి నన్ను పిలిచారు ఇంతకుముందు, అందుకే రాస్తున్నాను, ఏటీ అనుకోకండి.

మీరు రాత్రి డిన్నర్ అన్నారు. తొమ్మిదిన్నరకి అయితే మా ఊరికి బస్సు ఉండదండి. ఆటో మాట్లాడుకుంటే మీరిచ్చిన కూరగాయల డబ్బులు ఆటోవాడికే. పైగా తెల్లారి నాలుక్కి పాలు పితకాల. మధ్యాన్నం పెట్టండి. పదకొండుకి వస్తాం, తిని మూడుకి ఎల్లిపోతాం, పశువులకి గడ్డి వేసుకునే టైముకి ఇంటికాడుంటాం. మా ఆడోళ్ళు కూడా వస్తారు, రాత్రయితే రారు. నిజానికి కూరగాయలు పండించేది ఆళ్ళే, మగోళ్ళం సంచులు మొయ్యడానికి ఉన్నాం.

మెనూ ముందు రాసుకుని సరుకు ఎతకొద్దు. ఒకసారి సిటీలో ఒక అపార్టుమెంటోళ్ళు ఫోన్ చేసి క్యాప్సికం పదికేజీలు, క్యారెట్ పదికేజీలు, బేబీకార్న్ కావాలన్నారు, లోకల్ రైతు దగ్గరే కొనాలని రూలంట ఆళ్ళకి. మా కాడ ఆనపకాయలు, బెండకాయలు, తోటకూర ఉన్నాయండీ అంటే పన్నీరుకి అవి బావోవు అన్నారు. ఆఖరికి ఎక్కడ కొన్నారో ఏటో, స్టేజీ మీద మాత్రం నన్ను ఎక్కించారు. శాలువా కప్పారు. మూడు గంటలు కూకోబెట్టారు, ఐదుగురు మాటాడారు, రైతే రాజు అని ఐదుగురూ అన్నారు. ఆకలేసి సచ్చాను. శాలువాలు ఇంట్లో ఉన్నాయి, ఇంక వద్దు.

మీరు చెయ్యాల్సింది ఏటంటే, నెల ముందు వచ్చి చేను చూడండి. అప్పటికి ఏది కాపుకొస్తాదో మేం చెప్తాం, అది రాసుకోండి. ఒక్కో రకం రెండు కేజీలు, మూడు కేజీలు అని పది మందిని తిప్పొద్దు, ఒక రైతు దగ్గర రెండు మూడు రకాలు పెద్ద లెక్కలో తీసుకోండి, అప్పుడు ఒక ట్రిప్పు ఆటోలో వచ్చెస్తాది. సగం డబ్బులు ముందే ఇవ్వండి. వానొచ్చి ఒక రకం పోతే ఇంకోటి ఇస్తాం, దానికి ఒప్పుకోండి. రేటు దగ్గర మాత్రం రైతు బజార్ బోర్డు మీద రేటు ఎంతుందో చూసి అంతే ఇస్తామంటే కుదరదు, అది మందులు ఏసినోడిదీ మాదీ కలిపి ఒకే రేటు. ఆకుకూర తెల్లారగట్ల కోసి తెస్తాం, ముందురోజు అడక్కండి, వాడిపోతాది.

వంటశాల_వీర్రాజు

కేటరింగ్ లైన్‌లో చాలాకాలంగా ఉన్నాను, విజయనగరం, రాజాం వైపు పెళ్ళిళ్ళు ఎక్కువ చేస్తాను. 120 మందికి లెక్క చెప్తాను. విస్తట్లో ఐటమ్స్ ఎక్కువుంటే బియ్యం కేజీకి ఎనిమిది మంది, పదిహేను కేజీలు పెట్టుకోండి. పప్పు ఐదు కేజీలు. ఒక్కో కూరకి పది కేజీల కాయ, తరుగు పోను ఎనిమిది మిగులుతుంది, పర్లేదు. పులుసుకి గుమ్మడి, ఆనప, కంద అన్నీ కలిపి ఇంకో పది. పెరుగు పదిహేను కేజీలు, ఎండాకాలం దగ్గరపడితే ఇరవై.

సామల సంగతి. ఇంట్లో గ్లాసుడు వండినట్టు గుండిగలో ఇరవై కేజీలు వండేద్దామనుకుంటే అడుగు అంటుతుంది, మధ్యలో పచ్చి, పైన ముద్ద. సామలు గంటన్నా నానాలి, గ్లాసుకి రెండున్నర నీళ్ళు, మూడు కేజీలకి మించకుండా విడివిడిగా వండి వెంటనే బట్ట మీద ఆరబొయ్యాలి. ఇంకో ఇబ్బంది ఏంటంటే చల్లారితే బిరుసెక్కిపోతాయి, పెళ్ళి భోజనాల్లాగా మూడు బంతులు నడిపితే మూడో బంతివాళ్ళు తిట్టుకుంటారు. అందుకని తెల్ల అన్నం బదులు సామలు పెడదాం అనే ప్రయోగం వద్దు. సామల పులిహోర చెయ్యండి, చల్లారినా నడుస్తుంది. లేదా సామ పరవాన్నం, కొత్త బెల్లంతో. బెల్లం కొనేటప్పుడు తెల్లగా నిగనిగలాడేది తేవద్దు, రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు, ముదురు రంగుదే అడగండి. బెల్లం పాకం వేసేముందు పొయ్యి తగ్గించండి, లేకపోతే పాలు విరుగుతాయి.

చోడి అంబలి మొదట ఇవ్వండి, వచ్చినవాళ్ళకి వచ్చినట్టు. కేజీ పిండికి అరవై చిన్న గ్లాసులు తేలిగ్గా వస్తాయి, రెండు కేజీలు చాలు. పిండి ముందురోజు రాత్రి కలిపి పులవనివ్వాలి, కాస్త నూక వేసి కాచి, చల్లారాక మజ్జిగ, ఉప్పు, పక్కన చిన్నుల్లిపాయలు, వేయించిన మిరపకాయ. దీనికి ఖర్చు అసలు లేదు, పేరు మాత్రం దీనికే వస్తుంది చూడండి.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. కొత్త బియ్యం. జనవరిలో రైతు ఇచ్చే కొత్త బియ్యంతో అన్నం వండితే ముద్దయిపోతుంది, వంటవాడిని తిడతారు. కొత్త బియ్యం పొంగలికి, పరవాన్నానికి వాడి, అన్నానికి అదే రైతు దగ్గర కిందటేడు పాత బియ్యం ఉంటే తీసుకోండి. లేదు కొత్తవే కావాలంటే నీళ్ళు తగ్గించడం కాదు, ఎక్కువ నీళ్ళల్లో ఉడికించి గంజి వార్చేయాలి. ఆ గంజి పారబొయ్యకండి, ఉప్పేసి ఇస్తే మా వంటవాళ్ళే తాగేస్తారు.

పనసపొట్టు కొట్టించి తెచ్చుకోండి, మీరు కొట్టుకుంటామంటే చేతులు జిగురు, రోజంతా అదే పని. ఆవ పెట్టడం మాత్రం దింపాక, బాగా చల్లారాక, వేడిలో పెడితే చేదొస్తుంది.

లెక్కలమాస్టారు

అందరూ ఉత్సాహంగా ఉన్నారు గానీ నేను కాస్త నీళ్ళు చల్లుతాను. వీర్రాజుగారి లెక్కే తీసుకుందాం. బియ్యం పదిహేను కేజీలు డెబ్భై రూపాయల చొప్పున 1,050, పప్పు ఐదు కేజీలు నూట యాభై చొప్పున 750, కూరగాయలు నలభై కేజీలు సగటున నలభై వేసుకుంటే 1,600. మొత్తం 3,400. రెట్టింపు రేటిచ్చినా ఏడు వేలు దాటదు. అది నలుగురు రైతులకి పంచితే మనిషికి రెండు వేలు కూడా లేదు. షామియానా, కుర్చీలు, సౌండు, ఫోటోగ్రాఫర్ కలిపి దానికి నాలుగింతలు అవుతుంది. రైతుల పేరుమీద జరిగే భోజనంలో రైతుకంటే సౌండువాడికి ఎక్కువ ముడుతుంది. ఫేస్‌బుక్‌లో ఫోటోలు పెడతారు, మర్నాడు మళ్ళీ అందరూ పది నిమిషాల డెలివరీ యాప్‌లో బెంగళూరు క్యాప్సికం ఆర్డర్ పెడతారు. ఎందుకొచ్చిన సంబరం?

కొండగాలి

@లెక్కలమాస్టారు మీ లెక్క కరెక్టే, కానీ సగమే వేశారు. మిగతా సగం నేను వేస్తాను. అరవై ఇళ్ళు, ఇంటికి నెలకి 25 కేజీల బియ్యం అనుకోండి, నెలకి 15 క్వింటాళ్ళు, ఏడాదికి 180. ఎకరానికి ఇరవై క్వింటాళ్ళ ధాన్యం వస్తే మిల్లాడించాక పన్నెండు, పదమూడు క్వింటాళ్ళ బియ్యం. అంటే ఒక్క కాలనీ తినే బియ్యం సుమారు పదిహేను ఎకరాల పంట. పద్మనాభం రైతుగారిలాంటి వాళ్ళు ఏడెనిమిది మంది పల్లం మొత్తం. అందులో మూడోవంతు ఇళ్ళు ఒప్పుకున్నా ఐదెకరాలు.

భోజనాల రోజు అన్నం తింటూ ఇది ఏ బియ్యం అని అడుగుతారు కదా, ఆ పక్కనే ఒక నోట్‌బుక్ పెట్టండి, ఇంటి నంబర్, ఎన్ని బస్తాలు, అడ్వాన్స్ ఎంత. రైతుకి అసలు లాభం ఆ నోట్‌బుక్‌లో ఉంది, విస్తట్లో లేదు. అది పెట్టే ఉద్దేశం లేకపోతే మాస్టారు చెప్పినట్టు మానేయడమే మంచిది.

సామలు, కొర్రల సంగతి ఇంకా అన్యాయం. చిరుధాన్యాల్లో కేంద్రం మద్దతు ధర ప్రకటించేది జొన్న, సజ్జ, రాగి ఈ మూడింటికే, రాగికి 2025-26లో క్వింటాకి 4,886. సామకి, కొర్రకి కేంద్ర మద్దతు ధరే లేదు. 2023ని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం అని జరిపారు, సూపర్‌మార్కెట్లో ప్యాకెట్ రేటు పెరిగింది, కొండమీద సంతలో కొనేవాడు చెప్పిందే రేటు. దానికి కారణం పొట్టు. సామ గింజ పొట్టు తియ్యడం ఇంట్లో రోకలితో దంచే పని, ఆడవాళ్ళకి నడుములు పోతాయి, మర దగ్గర్లో లేకపోతే పొట్టుతోనే అమ్మేస్తారు. అందుకే మీరు కొంటే పొట్టు తీసిన బియ్యం చేసే సంఘాల దగ్గరే, అక్కడే ఆడించినవి కొనండి, ఆ పని డబ్బులు కూడా కొండమీదే ఉంటాయి.

విస్తళ్ళ సంగతి ఎవరూ అనలేదు. థర్మకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ పూత కాగితం ప్లేట్లు తేకండి దయచేసి. అడ్డాకు విస్తర్లు ఏజెన్సీలో కుడతారు, సంతల్లో దొరుకుతాయి, గిరిజన సహకార సంస్థ 1956 నుంచి వైజాగ్ కేంద్రంగానే నడుస్తోంది, వాళ్ళ దుకాణాల్లో చింతపండు, తేనె, అరకు కాఫీ అన్నీ ఉంటాయి. భోజనం అయ్యాక అరకు కాఫీ ఇవ్వండి, 2019లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చింది దానికి, మనం మాత్రం ఇంకా చికోరీ కలిపిన పొడే తాగుతున్నాం.

ఎన్జే_గోంగూర

నేను న్యూజెర్సీలో ఉంటాను. ఆ పొడుగు టేబుల్, తెల్ల గుడ్డ ఫోటోల గురించి చెప్తాను, మీరు గూగుల్‌లో చూసినవి. కాలిఫోర్నియాలో జిమ్ డెనెవన్ అనే షెఫ్ 1999లో అవుట్‌స్టాండింగ్ ఇన్ ది ఫీల్డ్ అని మొదలుపెట్టాడు, చేలోనే పొడుగ్గా ఒకే టేబుల్ వేసి, ఆ చేలో పండింది ఆ చేలోనే వండి పెట్టడం, రైతు కూడా అదే టేబుల్ దగ్గర కూర్చుని తినడం. తర్వాత దేశమంతా అలాంటివి పుట్టుకొచ్చాయి. ఐడియా బావుంది, టికెట్ మాత్రం వందల డాలర్లు, దాంతో వచ్చేవాళ్ళంతా ఒకే రకం జనం. మా కౌంటీలో లైబ్రరీ వాళ్ళు, చర్చి వాళ్ళు చేసేవి నాకు ఎక్కువ నచ్చుతాయి, ఆగస్టులో టమాటా, కార్న్ విరగకాసే టైములో అందరూ తలా ఒక వంట తెచ్చుకుంటారు, పక్కన ఫార్మర్ బళ్ళ మీద అమ్ముకుంటాడు, టికెట్ ఐదో పదో డాలర్లు.

ఇక్కడ మన తెలుగువాళ్ళం పెరట్లో గోంగూర, బచ్చలి, ఆనపకాయ పండిస్తాం కదా, సెప్టెంబర్‌లో చలి ముదరకముందు ఎవరి పెరట్లో మిగిలింది వాళ్ళు తెచ్చి కలిపి వండుకుంటున్నాం ఈమధ్య. మీరు తీసుకోదగింది ఒకటే, ఒకే పొడుగు వరస. రైతులకి విడిగా వీఐపీ టేబుల్ వేశారంటే వాళ్ళు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటారు, మీరు మీలో మీరు. ఇటొకరు అటొకరు కూర్చోండి. తెల్ల గుడ్డ అక్కర్లేదు, బంతి చాపలు వేస్తే చాలు, పెద్దవాళ్ళకి బల్లలు.

సీతమ్మధార_అమ్మమ్మ

పిల్లలూ నేనూ ఒక మాట చెప్తాను, మా మనవడు టైపు చేస్తున్నాడు. చిన్నప్పుడు మా ఊళ్ళో నూర్పిళ్ళు అయ్యాక కళ్ళంలోనే పెద్ద పొయ్యి వేసి వండేవారు, చాకలి, మంగలి, కమ్మరి, వడ్రంగి, కూలీలు అందరికీ ధాన్యం కొలతలు ఇచ్చాక. అన్నం, గుమ్మడికాయ పులుసు, కందిపప్పు, అంతే. కలిసి తిన్నాం అంటారు ఇప్పుడు, కానీ బంతులు విడివిడిగానే ఉండేవి, ఎవరు ఎక్కడ కూర్చోవాలో అందరికీ తెలుసు. మీరు ఒకే వరసలో కూర్చుంటామంటున్నారు చూడు, అది మా రోజుల్లో లేదు, అది బావుంది. వాచ్‌మన్ వాళ్ళింటిల్లిపాదినీ, పనిచేసే అమ్మాయిల్నీ కూడా ఆ వరసలోనే కూర్చోబెట్టండి, వడ్డించడానికి మాత్రమే పిలవకండి. వాళ్ళల్లో సగం మంది ఊళ్ళో పొలం ఉండి ఇక్కడికొచ్చినవాళ్ళే. సామలు ఎలా వండాలో మీ వంటమేస్త్రీ కంటే వాళ్ళకే తెలుస్తుంది.

కంద బచ్చలి పెట్టండి. ఆవ మర్చిపోకండి.

మధురవాడ_సెక్రటరీ

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత సమాచారం వస్తుందనుకోలేదు. నిన్న రాత్రి మీటింగ్‌లో ఈ థ్రెడ్ చదివి వినిపించాను. తేదీ ఫిబ్రవరి మొదటి ఆదివారానికి మారింది, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు. కార్తీకంలో రిసార్ట్ కూడా ఉంటుందని కొందరు పట్టుబట్టారు, ఉండనీ. లైట్లు పోయాయని యూత్ అలిగారు, గింజల స్టాల్ వాళ్ళకి అప్పగించాను. సౌండు లేదు, స్టేజి లేదు, ప్రెసిడెంట్‌గారు రెండు నిమిషాలు మాట్లాడతానన్నారు, అంబలి గ్లాసు చేతికిచ్చి మాట్లాడించేద్దాం.

మనిషికి 250, పిల్లలకి సగం. రైతు కుటుంబాలకి, వాచ్‌మన్, హెల్పర్ల కుటుంబాలకి వసూలు లేదు, రైతులకి రానూపోనూ బండి మేమే పెడతాం. బియ్యం బుకింగ్ నోట్‌బుక్ అన్నది ఒకాయనకి నచ్చలేదు, భోజనాలకి పిలిచి వ్యాపారమేంటి అన్నారు, దానిమీద అరగంట గొడవ. చివరికి పెడుతున్నాం. ఇప్పటికే పదకొండు ఇళ్ళు పేర్లిచ్చాయి, భోజనం చూడకుండానే.

@పద్మనాభం_రైతు గారూ, జనవరి మొదటి వారంలో చేను చూడ్డానికి మేం ఐదారుగురం వస్తే మీకు వీలవుతుందా? పాత బియ్యం మీ దగ్గర ఒక యాభై కేజీలు ఉంటాయా? @వంటశాల_వీర్రాజు గారూ, గాడిపొయ్యి తవ్వడానికి మా పార్కులో అసోసియేషన్ ఒప్పుకోవడం లేదు, గ్యాస్ మీద చేస్తే అన్నీ కుదురుతాయా?

పద్మనాభం_రైతు

రండి. సంక్రాంతి ముందు వారం వద్దు, ఆ టైముకి ఇంటికి సున్నాలు, పశువుల పని ఉంటాయి. ఆ ముందు వారం అయితే ఎప్పుడైనా పర్లేదు. పాత బియ్యం నా దగ్గర ముప్పై దాకా ఉంటాయి, మిగతాది మా బావ దగ్గర ఉన్నాయి, అడిగి చెప్తాను. చెప్పులు మట్టవుతాయి, పాతవి ఏసుకురండి.

వంటశాల_వీర్రాజు

గ్యాస్ మీద అన్నీ అవుతాయి. పెద్ద బర్నర్లు నాలుగు, సిలిండర్లు మూడు, ఒకటి స్పేర్. పరవాన్నానికి మాత్రం మందపాటి అడుగు ఉన్న గిన్నె కావాలి, నా దగ్గర ఇత్తడిది ఉంది తెస్తాను, కిరాయి వద్దు, బండి ఖర్చు ఇవ్వండి చాలు. పనసపొట్టు వాళ్ళకి వారం ముందే చెప్పండి, ఆదివారం పెళ్ళిళ్ళుంటే దొరకదు.